అక్క సూది, నా బిళ్ళ

మొన్న శనివారం మా ఇంట్లోంచి పాత ఫ్రిజ్ వెళ్ళిపోయింది. కొత్తది తెచ్చిన నరసరావుపేట షాపువాళ్ళు పాతదాన్ని ఆటోలోకి ఎక్కించబోతూ, "అమ్మా, లోపల ఏమన్నా ఉంటే తీసుకోండి" అన్నారు. అన్నీ తీశాననే అనుకున్నాను. డోరు తెరిచి చూస్తే పై అరలో ఒక మూలకి ఒదిగి చిన్న స్టీలు డబ్బా కనపడింది. మూతకి ఒక పక్క సొట్ట. ఒకప్పుడు అది నా ఏలకుల డబ్బా. తీసి చూస్తే ఏలకుల వాసన ఏనాడో పోయింది, ఇన్సులిన్ సిరంజీల సూదులకి పెట్టే ఎర్ర మూతలు రెండు మాత్రం అడుగున దొర్లుతున్నాయి. వాటిని చూడగానే, అరవై దాటి, మోకాళ్ళు పట్టేసి నేల మీద కూర్చోలేని నాకు మళ్ళీ పాతరోజుల్లో లాగా ఒళ్ళు భగ్గుమంది. పన్నెండేళ్ళ కిందటి ఉడుకుమోత్తనం అంత తాజాగా ఎక్కడ దాక్కుందో ఏమో. ఆటోవాళ్ళు చూస్తున్నారని డబ్బా కొంగులో పెట్టుకుని లోపలికి వచ్చేశాను.

మాది నకరికల్లు దగ్గర పల్లె. ఒకటే వాకిలి, రెండు వాటాలు. రోడ్డు వైపు వాటా మా బావగారిది, దొడ్డి వైపుది మాది. బావగారు పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల దగ్గర గుమాస్తాగా చేసేవారు. తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళి, ఇంకా తెల్లగా తిరిగొచ్చేవారు. ఆయన పోయాక ఆ వాటాలో మా తోడికోడలు ఒక్కతే మిగిలింది. ఒక్క కూతుర్నీ మాచర్ల ఇచ్చారు. తోడికోడల్ని నేను అక్కా అని పిలుస్తాను. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, నాకంటే రంగు, నాకంటే పొడుగు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఊరు మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూస్తూనే ఉంది, ప్రతిసారీ ఆమెకే మార్కులు వేస్తూనే ఉంది. గోంగూర పచ్చడి ఆమె పడితేనే రుచి. ముగ్గు ఆమె వేస్తేనే ముగ్గు. చివరికి షుగరు జబ్బు కూడా మా ఇద్దరికీ ఒకే ఏడాది బయటపడితే, అందులోనూ ఆమెదే పైచెయ్యి అయింది. నాకు బిళ్ళలు రాశారు, ఆమెకు ఇన్సులిన్ రాశారు.

నవ్వకండి. మా వైపు షుగరులో కూడా పెద్దదీ చిన్నదీ ఉంటాయి. సూది షుగరు వేరు, బిళ్ళ షుగరు వేరు. సూది వేసుకునే మనిషి వస్తే కుర్చీ జరుపుతారు, "ఎన్ని యూనిట్లమ్మా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. బిళ్ళలు వేసుకునేవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. "ఓస్, బిళ్ళలేగా" అనేస్తారు. టిఫినుకు ముందు ఒక చిన్న బిళ్ళ, తిన్నాక ఒక పెద్ద బిళ్ళ, మళ్ళీ సాయంత్రం ఇంకోటి. ఆ పెద్ద బిళ్ళ అట్ట చింపితే ఎండుచేపల వాసన. గొంతులో అడ్డంగా పడితే రెండు గ్లాసుల నీళ్ళు తాగాలి. కడుపులో తిప్పుతుంది, నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది. ఇన్ని కష్టాలు పడుతూ మింగుతుంటే, మా ఆయన ఒక్కనాడు కూడా "బిళ్ళ వేసుకున్నావా?" అని అడిగిన పాపాన పోలేదు.

అక్కకు సూది వేసేది మాత్రం ఆయనే. నిజం చెప్పాలంటే ఆ పని మొదట నాకే వచ్చింది. అక్కకి ఇన్సులిన్ రాసిన రోజు ముగ్గురం కలిసే నరసరావుపేట ఆస్పత్రికి వెళ్ళాం. బావగారు పోయి అప్పటికి నాలుగు నెలలు. అక్క చేతులు వణుకుతున్నాయి, సిరంజీ మీద సన్నటి గీతలు ఆమె కంటికి ఆనవు. మా ఆయన నావైపు తిరిగి, "ఏమే, నువ్వు నేర్చుకో. పొద్దునా సాయంత్రం వదినకి నువ్వేస్తే సరిపోద్ది" అన్నాడు. నేను వెంటనే, "అమ్మో, నాకు సూదంటే భయం" అన్నాను. అబద్ధం. కోడిమెడ తిప్పేసే మనిషిని, నాకు సూదంటే భయమేమిటి. ఇప్పటిదాకా అన్నిట్లో ఆమె ముందు నిలబడి ఓడిపోయింది చాలక, రోజుకి రెండుసార్లు ఆమె ముందు వంగి సేవలు కూడా చెయ్యాలా అనిపించింది. అంతే. దాంతో మా ఆయన ముందుకొచ్చాడు. పశువుల కాంపౌండరు వెనక తిరిగి గేదెలకు సూదులు వెయ్యడం నేర్చిన చెయ్యి అది. నర్సు ఒక్కసారి చూపించగానే పట్టేశాడు. నేను గట్టెక్కాననుకుని ఇంటికొచ్చాను.

మొదట్లో ఆ మందు సీసాని నా వంటింటి కుండలో పెట్టాం. నా ఏలకుల డబ్బా ఖాళీ చేయించి, సీసా అందులో ఉంచి, డబ్బాని తడి ఇసుక పోసిన కుండలో దించాడు మా ఆయన. ఎండాకాలం రాగానే, "మందు పాడైపోద్ది" అని వారం తిరక్కుండా ఫ్రిజ్ కొనుక్కొచ్చాడు. అంతకుముందు పదేళ్ళుగా ఫ్రిజ్ కావాలని నేను అడుగుతూనే ఉన్నాను. పాలు విరిగిపోయినప్పుడు అడిగాను, పులుసు పాచిపోయినప్పుడు అడిగాను, మా పుట్టింటివాళ్ళ ముందు కూడా అడిగాను. "ఫ్రిజ్ నీళ్ళు తాగితే జలుబు చేస్తది" అనేవాడు. చిటికెన వేలంత సీసా కోసం మాత్రం నిలువెత్తు ఫ్రిజ్ వచ్చింది. పై అరలో ఆ డబ్బా. దాని పక్కన నేను కరివేపాకు పెట్టినా, "ఏందే అక్కడ పెట్టినవు, గాలి ఆడొద్దా?" అని తీసి కింద పడేసేవాడు. కరెంటు పోతే ముందు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళేవాడు, ఆ తర్వాతే విసనకర్ర కోసం వెతికేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ పది నిమిషాలు ఒక ఎత్తు. పొద్దున ఏడు గంటలకు ఆయన స్నానం చేసి, తల దువ్వుకుని, డబ్బా తీసుకుని వాకిలి దాటి అక్క వాటాలోకి వెళ్ళేవాడు. సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాలి, అప్పుడే తెల్లటి మందు సమంగా కలుస్తుంది. ఆ దొర్లించేటప్పుడే కబుర్లు. కాలవకి నీళ్ళు ఎప్పుడొదుల్తారు, మిరపకి ముడత వచ్చిందా, గురజాల కోర్టులో ఫలానావాళ్ళ వాయిదా ఏమైంది. అక్క నవ్వేది. ఆయన ఇంకో మాట అనేవాడు, మళ్ళీ నవ్వేది. నాతో ఆయన పొద్దున మాట్లాడే మాటలు రెండే: ఒకటి "తువ్వాలేది", రెండు "కాఫీ". నేను వంటింట్లో పొయ్యి తగ్గించి, కుక్కర్ కూత పెట్టకుండా చూసుకుని, చెవి అటు వేసి నిలబడేదాన్ని. ఆ తర్వాత అక్కడి నుంచే కేక వచ్చేది. "ఏమే, సూదేసి ఇరవై నిమిషాలైంది. వదినకి ఇడ్లీ అయిందా?" సూది వేశాక అరగంటలో తినకపోతే కళ్ళు తిరిగి పడిపోతుందట. అందుకని ఆమె ప్లేటు ముందు. నా టిఫిను, నా చిన్న బిళ్ళ, మిగతా ప్రపంచం అంతా ఆ తర్వాత.

బెల్లంకొండలో మా ఆడపడుచు కొడుకు పెళ్ళి నేను చచ్చేదాకా మర్చిపోను. పెళ్ళివారు వంటలు దింపుతున్నారు, ఇంకా ఆకులు వెయ్యలేదు. మా ఆయన పందిట్లో అందరి ముందూ చెయ్యెత్తి, "మా వదిన సూదేసుకుంది, ముందు ఆమెకి పెట్టండి!" అని అరిచాడు. ఇక చూడండి. మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు, వంటవాళ్ళు, అందరూ కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వేడివేడి పప్పు, నెయ్యి, ముక్కలపులుసు, ఒక్క బూరె కూడా. "ఒక్కటికి ఏమీ కాదులేమ్మా" అని బతిమాలి మరీ. నేను ఆడపడుచు వైపు మనిషిని గదా, వడ్డించి వడ్డించి మూడో బంతిలో కూర్చున్నాను. అప్పటికి బూరెలు అయిపోయి, పులుసులో ముక్కలు అయిపోయి, పప్పు అడుగంటి ఉంది. మా ఆయన అటుగా వెళ్తూ నన్ను చూసి, "నీకేందిలే, బిళ్ళలే గదా" అన్నాడు. ఆ రోజే మనసులో అనుకున్నాను, నేను కూడా సూది షుగరులోకి వెళ్తానని.

ఎలా వెళ్ళాలో ఎవరూ చెప్పక్కర్లేదు. డాక్టరమ్మ ప్రతిసారీ, "బిళ్ళలు మానారంటే ఇంజెక్షనే గతి" అని బెదిరిస్తూనే ఉంది. సరే, మానేశాను. మానేసిన సంగతి తెలియకుండా రోజూ అట్టలోంచి బిళ్ళలు తీసి, దొడ్లో మల్లెపొద మొదట్లో వేలితో గుంట తీసి పూడ్చేదాన్ని. పారేస్తే పారేసినట్టు ఉంటుంది, పూడిస్తే పూజ చేసినంత భక్తిగా ఉండేది. రెండు నెలలు అలా గడిచాయి. దాహం మొదలైంది. బిందె పక్కనే కూర్చున్నా నాలుక పిడచకట్టేది. రవికలు వదులయ్యాయి. ఒళ్ళు తూలేది. అందుకు బాధపడాల్సింది పోయి, అద్దంలో నా లోతు కళ్ళు చూసుకుని, ఇంకెన్నాళ్ళులే, వస్తుంది నా సూది అని సంబరపడేదాన్ని. మా ఆయన ఏమైనా గమనిస్తాడేమోనని ఎదురు చూశాను. గమనించలేదు. నేను చిక్కిపోయానని మొదట అన్నది కూడా ఆ మహాతల్లే. "ఏమే, మెడ ఎముకలు బయటపడ్డాయేంది? బిళ్ళలు సరిగ్గా ఏసుకుంటన్నావా?" అంది. "నా సంగతి నీకెందుకక్కా" అన్నాను.

ఇంతలో చేలో పత్తి మోడు ఒకటి నా కుడి పాదంలో దిగింది. పెద్ద దెబ్బేం కాదు. పసుపు పెట్టి కట్టు కట్టాను. మూడు వారాలైనా మానలేదు. నొప్పి మాత్రం పెద్దగా తెలియలేదు, షుగరుకి పాదాలు తిమ్మిరి గదా. ఒక పొద్దున ఇడ్లీ ప్లేటు అక్కకి ఇచ్చి వెనక్కి వస్తుంటే, వెనక నుంచి ఆమె కేక. "ఒసేయ్, ఆగు! కదలబాక!" నేను నడిచినంత మేరా గచ్చు మీద చీము, నెత్తురు మరకలు. గడియారం ముల్లు కనపడని మనిషికి ఆ మరకలు ఎలా కనపడ్డాయో. వంగి, నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని, ముక్కు దగ్గరగా తెచ్చుకుని చూసింది. "ఏమయ్యా, ఆటో పిలువు! ఇడ్లీ నా మొహాన కొట్టు గాని ముందు దీన్ని ఆస్పత్రికి తీసకపోదాం పా!" అని మా ఆయన్ని కేకలేసింది. అప్పటికే సూది వేసుకుని ఉంది, ఏమీ తినలేదు. ఇడ్లీలు కొంగులో మూట కట్టుకుని, ఆటోలో తింటూ నా పక్కనే కూర్చుంది.

డాక్టరమ్మ నా షుగరు చూసి కళ్ళద్దాలు తీసేసింది. నాలుగు వందలు దాటింది. "బిళ్ళలు వేసుకుంటున్నారా?" అంది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "రోజూ ఏసుకుంటదండీ. నేను చూస్తా గదా" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు పాదం, షుగరు, డాక్టరమ్మ, ఏదీ గుర్తు లేదు. "ఏనాడు చూశావయ్యా? ఒక్కనాడన్నా చూశావా? రెండు నెలల నుంచి నా బిళ్ళలు మల్లెచెట్టు తింటంది! నీ కళ్ళకి వదిన సూది తప్ప ఇంకేమన్నా కనపడితే గదా!" అని అరిచేశాను. బయట బల్లల మీద కూర్చున్న రోగులు కూడా తొంగి చూశారు. అక్క తల దించుకుంది. డాక్టరమ్మ నా కట్టు విప్పి పుండు చూసింది. తర్వాత, "ఇంకో వారం ఆగితే పాదం తీసేయాల్సి వచ్చేదమ్మా. పుండు మానేదాకా మీరు కూడా ఇన్సులిన్ వేసుకోండి" అని రాసింది. సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ క్షణంలో కూడా, నాకు సూది వచ్చింది అని ఒక మూల సంతోషం వేసింది. దాచడం ఎందుకు.

సూది ఎలా వెయ్యాలో చూపించడానికి నర్సు వచ్చింది. నాకు చూపించడం కోసమని అక్క చెయ్యి పట్టుకుని, జాకెట్టు చెయ్యి పైకి జరిపి, అక్కడే ఆగిపోయింది. జబ్బ మీద నిమ్మకాయంత గట్టి ఉండ ఉంది. రెండో చేతికి ఇంకోటి. "ఎవరు వేస్తున్నారు?" అని అడిగింది. మా ఆయన గర్వంగానే, "నేనేనమ్మా, అయిదేళ్ళ నుంచీ" అన్నాడు. "అయిదేళ్ళూ ఇక్కడేనా? పొట్ట మీద, తొడ మీద మార్చి మార్చి వెయ్యమని చెప్పలేదా? ఇట్లా గడ్డ కట్టిన చోట వేస్తే మందు సరిగ్గా ఎక్కదు." మా ఆయన మొహం ఎర్రబడింది. "వదిన గదమ్మా. పొట్ట మీద నేనెట్టా ఏస్తాను" అన్నాడు నేల చూపులు చూస్తూ. అప్పుడు నర్సు చాలా మామూలుగా, "మరి ఇంట్లో ఆడవాళ్ళు ఎవరూ లేరా?" అంది. మొదట నిన్నే అడిగాను గదా అని మా ఆయన అనొచ్చు. అనలేదు. ఈ పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. డాక్టరమ్మ అక్కని కళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. కంటి వెనక నరాల్లో నెత్తురు చిమ్మి చాలాకాలమైందట. ఆ రోజే లేజరు మొదలుపెట్టి, పోను పోను కుడి కన్ను నిలబెట్టారు. ఎడమ కన్ను నిలవలేదు. దానికి కారణం ఒక్క సూదే అని చెప్పలేమన్నారు. వాళ్ళు చెప్పలేకపోవచ్చు, నాకు తెలుసు.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన డ్రైవరు పక్కన కూర్చున్నాడు. అక్కా నేనూ వెనక. కంటి మీద పచ్చటి కట్టుతో ఆమె చాలాసేపు బయటికి తిరిగి కూర్చుంది. నకరికల్లు దగ్గర పడుతుండగా, "నువ్వు పొయ్యి తగ్గించి వినేదానివి గదా" అంది. "మా సూది టయానికి నీ కుక్కర్ కూత ఆగిపోయేది. అయిదేళ్ళూ వింటానే ఉన్నా" అంది. నేను ఏడుస్తూ, "నాకు కడుపు మంటక్కా" అన్నాను. "నాకు మాత్రం లేదనుకున్నావా?" అంది ఆమె. "పొద్దునే లేచి నువ్వు మీ ఆయన్ని తిట్టుకుంటావు చూడు, తువ్వాలు తడిపినందుకు, కాఫీ ఒలికించినందుకు, అది వింటంటే నాకు చానా మండేది. నాకు తిట్టడానికి మనిషేడీ?"

మర్నాడు మా ఆయన నాకు సూది వేశాడు. నేను తెల్లవారకముందే తలంటు పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, అదే మల్లెపొదలోంచి నాలుగు పూలు తుంచి పెట్టుకుని కూర్చున్నాను. బిళ్ళలు తిన్నందుకో ఏమో ఆ ఏడు విరగబూసింది. ఆయన వచ్చాడు, సీసా దొర్లించాడు, ఒక్క మాట లేదు. నేనే, "కాలవకి నీళ్ళు ఎప్పుడొదుల్తారంట?" అని అడిగాను. "నీకెందుకు?" అన్నాడు. పొట్ట మీద పుటుక్కుమని గుచ్చి, "అయిపోయిందిలే, లే" అని తువ్వాలు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. అర నిమిషం పట్టింది మొత్తానికి. అయిదేళ్ళు నేను ఏడ్చిన సంబరం అది. మూడు నెలలకి పుండు మానింది, డాక్టరమ్మ నన్ను మళ్ళీ బిళ్ళల్లోకి దించేసింది. అట్ట చింపితే అదే ఎండుచేపల వాసన. ఒక్క తేడా, అప్పటి నుంచి మా ఆయన పొద్దునా సాయంత్రం నా ఎదురుగా నిలబడి, నేను మింగి నోరు తెరిచి చూపిస్తే గాని కదలడు.

అక్కకి మాత్రం ఆ మర్నాటి నుంచే నేను వెయ్యడం మొదలుపెట్టాను. ఇవాళ పొట్టకి కుడి పక్క, రేపు ఎడమ పక్క, ఆ తర్వాత తొడ. పొట్ట మీద గనక తలుపు వేసుకోవాలి. తలుపు వేసుకున్నాక కబుర్లు వాటంతటవే వస్తాయి. ఎవరి కోడలు ఎవరినేమంది, మా అత్తగారు బతికుండగా మా ఇద్దరికీ చెరో రకంగా పెట్టిన చిచ్చులేంటి, బావగారు కొత్తలో ఎలా ఉండేవారు. ఒకరోజు మేం నవ్వుతుంటే తలుపు బయట మా ఆయన గొంతు వినిపించింది. "ఏందే లోపల అంత నవ్వులు? సూదేయడానికి ఇంతసేపా?" అంటున్నాడు. ఆ గొంతులో ఉన్నది ఏమిటో నాకంటే బాగా గుర్తుపట్టేవాళ్ళు ఈ పల్నాడులోనే ఉండరు. అక్క నా చెయ్యి గిల్లింది. జవాబు చెప్పకుండా ఇంకా గట్టిగా నవ్వాం.

ఇప్పుడు సీసాలు, సిరంజీలు లేవు, పెన్ను వచ్చింది. వెనక తిప్పితే టిక్కు టిక్కుమని లెక్క అదే పెట్టుకుంటుంది. కొత్త ఫ్రిజ్ డోర్లో దానికి వేరే అర ఉంది, నేనే ఖాళీగా ఉంచాను. కరివేపాకు పెట్టబోయిన మా ఆయన్ని నేనే కసిరాను. సొట్ట డబ్బా కడిగి మళ్ళీ ఏలకులు పోసుకున్నాను. అక్కకి డెబ్భై దాటాయి, కుడి కంటిలో కూడా ఇప్పుడు నీడలే. ఇన్నేళ్ళుగా ఇంత ఒద్దికగా వేస్తున్నానా, సూది తీసిన ప్రతిసారీ మాత్రం, "ఎంతైనా మీ ఆయన చెయ్యి తేలికే" అంటుంది. ప్రతిసారీ నాకు చుర్రుమంటుంది. ఆమెకి గోడ గడియారం కనపడదు గనక, ఏడు కాకముందే పెన్ను పట్టుకుని వెళ్ళి, "ఏడైందక్కా" అంటాను. "అప్పుడే యాడయింది, ఇంకా పాలామె రాందే" అంటూనే జరిగి నాకు చోటిస్తుంది. ఏడు కొట్టేదాకా సూది వెయ్యను, ఊరికే పక్కన కూర్చుంటాను. ఆ అయిదేళ్ళు ఎలాగూ తిరిగి రావు, అందుకని రోజూ ఒక అయిదు నిమిషాలు ముందే వెళ్తున్నాను.